మా లక్కబొమ్మల సైటు నా క్రోమ్‌లో బానే ఓపెనవుతోంది, మిగతా చోట్ల సర్టిఫికెట్ ఎర్రర్. ఎక్కడ వెతకాలి?

లక్కపిడత
మాది ఏటికొప్పాక. నాన్న అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తారు, రెండేళ్ళ నుంచి నేను సైటు పెట్టి అమ్ముతున్నాను. సంక్రాంతి బొమ్మల కొలువుకి ఆర్డర్లు వచ్చే టైమ్ ఇదే. పోయిన నెల షేర్డ్ హోస్టింగ్ వదిలేసి చిన్న వీపీఎస్‌కి (నాకే వేరుగా ఇచ్చే అద్దె సర్వర్) మారాను, ఒక వీడియో చూసుకుంటూ ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వేసి లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్ పెట్టాను. నా ల్యాప్‌టాప్‌లో క్రోమ్, ఎడ్జ్ రెండిట్లోనూ ఏ గొడవా లేదు.
కానీ తమ్ముడి కంప్యూటర్లో మొన్ననే వేసిన ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే 'సెక్ ఎర్రర్ అన్‌నోన్ ఇష్యూయర్' అంటోంది. విశాఖలో ఒక కస్టమర్‌కి ఫోన్లో 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని ఎర్ర త్రికోణం, స్క్రీన్‌షాట్ పంపింది. అన్నిటికన్నా నన్ను తినేస్తున్నది ఏంటంటే డబ్బు కట్టినవాళ్ళకి పేమెంట్ సక్సెస్ అని మెసేజ్ వెళ్తోంది, నా దగ్గర మాత్రం ఆర్డరు 'పెండింగ్'లోనే ఉండిపోతోంది. ఇప్పటికి ఐదయ్యాయి. సర్టిఫికెట్ తేదీ చూశాను, ఇంకా 60 రోజులుంది. మూడు రోజుల నుంచి ఇదే పని, ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియట్లేదు.

షార్ట్‌కట్_శీను
దీనికి ఇంత టెన్షన్ ఎందుకండీ, అడ్వాన్స్‌డ్ నొక్కి కింద 'ప్రొసీడ్' అని ఉంటుంది, అది కొట్టమని కస్టమర్లకి చెప్పండి. సైటు మీదే కదా, మోసం ఏముంది అందులో. మా ఆఫీసులో అందరం అదే చేస్తాం

నెట్‌సెంటర్_బాబాయ్
ముందు టైమ్ చూడమ్మా. మా సెంటర్లో పొద్దున్నే ఒక సిస్టమ్ ఆన్ చేస్తే ఏ సైటూ రాదు, అన్నిటికీ డేట్ ఇన్వాలిడ్ అంటుంది, చూస్తే గడియారం ఏళ్ళ వెనక్కి పోయి ఉంటుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ, 2032 అని రాసి ఉంటుంది, అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా ఇంతే. సర్టిఫికెట్ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుంది అని రాసి ఉంటుంది కదా, కంప్యూటర్ ఆ రెండు తేదీల మధ్యలో లేకపోతే ఎంత మంచి సర్టిఫికెట్ అయినా తోసేస్తుంది

లక్కపిడత
బాబాయ్ గారూ, తమ్ముడి దాంట్లో టైమ్ సరిగ్గానే ఉంది, మిగతా సైట్లన్నీ వస్తున్నాయి. నా ఒక్కదానికే.

తీగలాగు
మిగతావి వచ్చి మీదొక్కటే రాకపోతే టైమూ కాదు, యాంటీవైరస్ కూడా కాకపోవచ్చు, తప్పు సర్వర్ వైపే. రెండు చెప్పండి. ఒకటి, ఎన్‌జిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో 'ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్' అనే లైన్లో ఏ ఫైలు పేరు ఇచ్చారు. రెండు, సర్వర్‌లోకి లాగినయ్యి ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 'ఎస్ క్లయింట్' కమాండ్‌తో మీ డొమైన్ 443 పోర్టుకి కనెక్టయితే చివర్లో వచ్చే 'వెరిఫై రిటర్న్ కోడ్' ఎంత.
@షార్ట్‌కట్_శీను మీకు వేరేగా సమాధానం చెప్తా, ముందు ఆవిడ పని అవ్వనీ.

సిద్దిపేట_చిన్నోడు
అక్కా నాకు గిట్లనే అయింది పోయినేడు, కాకపోతే నాది వేరే లొల్లి. సర్ట్‌బాట్ (లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ తెచ్చే ప్రోగ్రాం) దానంతట అదే రెన్యూ చేసింది, ఫోల్డర్ల కొత్త సర్టిఫికెట్ ఉంది, అయినా బ్రౌజర్ల ఎక్స్‌పైర్డ్ అనే వస్తుండె. రెండు దినాలు తల పట్టుకున్న. ఎన్‌జిన్‌ఎక్స్ పాత సర్టిఫికెట్‌నే మెమరీల పట్టుకొని కూసుంది, రీలోడ్ కొట్టంగనే సక్కగయింది. రెన్యూ అయినంక రీలోడ్ చెయ్యమని 'డిప్లాయ్ హుక్' పెట్టుకో, లేకుంటే 90 దినాలకొకసారి ఇదే కథ

లక్కపిడత
@తీగలాగు కాన్ఫిగ్‌లో 'సర్ట్ డాట్ పెమ్' అని ఉంది. కోడ్ 21 వచ్చింది, పక్కన 'అన్‌ఏబుల్ టు వెరిఫై ద ఫస్ట్ సర్టిఫికెట్' అని రాసి ఉంది. సర్టిఫికెట్ చెయిన్ అన్న చోట సున్నా నంబర్‌తో ఒక్కటే కనిపిస్తోంది. దీని అర్థం ఏంటి? సర్టిఫికెట్ దొంగదా?

తీగలాగు
దొంగది కాదు, సగమే పంపుతున్నారు. దొరికింది లెండి.

కాస్త పొడుగు పోస్టు ఇది. ఊళ్ళోకి కొత్త కుర్రాడు వస్తే 'ఎవరి తాలూకు?' అని అడుగుతాం కదా. వాడు వాళ్ళ నాన్న పేరు చెప్తాడు, ఆ నాన్న ఫలానా తాతగారి కొడుకు, తాతగారు ఊరందరికీ తెలుసు, అక్కడితో నమ్మకం కుదురుతుంది. బ్రౌజర్ కూడా ఇంతే. దాని దగ్గర తాతల లిస్టు మాత్రమే ఉంటుంది, వాటినే రూట్ సర్టిఫికెట్లు అంటాం. మీ సైటు సర్టిఫికెట్ మీద రూట్ నేరుగా సంతకం పెట్టదు, మధ్యలో ఇంటర్మీడియెట్ అని ఒకటి పెడుతుంది. కాబట్టి మీ సర్వర్ తన సర్టిఫికెట్‌తో పాటు ఆ ఇంటర్మీడియెట్‌ని కూడా చేతిలో పెట్టాలి. మీరు కుర్రాణ్ణి పంపారు, నాన్న పేరు చెప్పకుండా పంపారు.

మరి క్రోమ్‌లో ఎలా వస్తోంది అంటారా? మీ సర్టిఫికెట్ లోపలే 'నాకు సంతకం పెట్టినవాడి సర్టిఫికెట్ ఫలానా అడ్రస్‌లో దొరుకుతుంది' అని రాసి ఉంటుంది. క్రోమ్, ఎడ్జ్ ఆ అడ్రస్‌కి వెళ్ళి తెచ్చేసుకుంటాయి, మీ తప్పు మీకు తెలియనివ్వవు. ఫైర్‌ఫాక్స్ అలా వెళ్ళదు. 75వ వెర్షన్ నుంచి అది తెలిసిన ఇంటర్మీడియెట్లన్నిటినీ ముందే దింపి పెట్టుకుంటుంది కాబట్టి రోజూ వాడే ఫైర్‌ఫాక్స్‌లో మీ సైటు వచ్చినా రావచ్చు, మీ తమ్ముడిది కొత్తగా వేసింది, అవి ఇంకా దిగి ఉండవు. అందుకే ఒకే బ్రౌజర్ ఒక కంప్యూటర్లో ఒప్పుకుంటుంది, ఇంకో దాంట్లో ఒప్పుకోదు, మనకి పిచ్చెక్కుతుంది.

ఇక ఆ పెండింగ్ ఆర్డర్లు. డబ్బు పడగానే పేమెంట్ కంపెనీ సర్వర్ మీ సర్వర్‌కి 'డబ్బు ముట్టింది' అని కబురు పంపుతుంది, వెబ్‌హుక్ అంటారు. ఆ సర్వర్ క్రోమ్ కాదు. సర్వర్లలో వాడే పీహెచ్‌పీ, జావా, కర్ల్ లాంటివి ఇంటర్మీడియెట్ కోసం ఎక్కడికీ వెళ్ళవు, చెయిన్ తెగిపోయి ఉంటే ఫోన్ పెట్టేసినట్టు పెట్టేస్తాయి. ఆ ఐదు ఆర్డర్లూ నా లెక్క ప్రకారం అక్కడే ఆగాయి.

చెయ్యాల్సింది ఒక్క లైను. లెట్స్‌ఎన్‌క్రిప్ట్ 'లైవ్' ఫోల్డర్లో నాలుగు ఫైళ్ళుంటాయి, సర్ట్, చెయిన్, ఫుల్‌చెయిన్, ప్రైవ్‌కీ. 'సర్ట్' తీసేసి 'ఫుల్‌చెయిన్ డాట్ పెమ్' పెట్టండి, 'ఎన్‌జిన్‌ఎక్స్ మైనస్ టీ' కొట్టి తప్పుల్లేవని చూసుకుని రీలోడ్ చెయ్యండి. మళ్ళీ ఎస్ క్లయింట్ కొడితే కోడ్ 0 రావాలి.

షార్ట్‌కట్_శీను
సరే టెక్నికల్‌గా మీరు చెప్పింది కరెక్టే అనుకోండి, కానీ ఆవిడకి ఈ రోజు ఆర్డర్లు కావాలి కదా, అప్పటిదాకా ప్రొసీడ్ నొక్కమంటే తప్పేంటి

తీగలాగు
ఆ పేమెంట్ సర్వర్‌కి ప్రొసీడ్ నొక్కడానికి చెయ్యి లేదు శీను గారూ. మనుషులు వంద మంది నొక్కినా ఆ ఐదు ఆర్డర్లు పెండింగ్‌లోనే ఉంటాయి.

కాజా_కాకినాడ
శీను గారూ మీ మీద కోపం కాదు గానీ ఈ 'ప్రొసీడ్' అలవాటు మా ఇంట్లో ఏం చేసిందో చెప్తాను. మా మావయ్య ఆఫీసులో లోపలి సైట్లన్నిటికీ ఎర్ర పేజీ వచ్చేది, వాళ్ళ సిస్టమ్స్ కుర్రాడే ప్రొసీడ్ కొట్టేయండి అని నేర్పాడు. ఏళ్ళ తరబడి కొట్టి కొట్టి ఆయనకి ఆ ఎర్ర పేజీ అంటే కుక్కీ బ్యానర్ లాంటిదే అయిపోయింది. ఒకసారి లాడ్జిలో వైఫై పట్టుకుని బ్యాంకు పేజీ తెరుస్తుంటే ఎర్ర పేజీ వచ్చిందట, చదవకుండా కొట్టబోయాడు, అక్కడ ప్రొసీడ్ బటనే లేదు. 'మీ బ్యాంకు సైటు పాడైంది' అని నాకు ఫోను. ఆ బటన్ లేకపోవడమే ఆయన్ని కాపాడింది. వాళ్ళు హెచ్ఎస్‌టీఎస్ (సర్టిఫికెట్ తేడాగా ఉంటే ఎవరినీ లోపలికి రానివ్వొద్దని సైటే బ్రౌజర్‌కి చెప్పి ఉంచడం) పెట్టుకున్నారు కాబట్టి బ్రౌజర్ దాటనివ్వలేదు, అదే చిన్న షాపు సైటు అయితే పాస్‌వర్డ్ కొట్టేసేవాడే. ఆ వైఫైలో ఎవరు కూర్చున్నారో ఈ రోజుకీ మాకు తెలియదు

షార్ట్‌కట్_శీను
హ్మ్. మా ఆఫీసు పేజీలకి కూడా అంతే నేర్పారు మాకు. లోపలి సర్వర్ అయితే ఏం చెయ్యాలి మరి, దానికి బయటి సర్టిఫికెట్ ఎవరిస్తారు

తీగలాగు
ఆఫీసు వాళ్ళే సొంతంగా ఒక రూట్ చేసుకుని అందరి కంప్యూటర్లలో వేస్తే సరిపోతుంది, ఎర్ర పేజీ రాదు. ఐటీ వాళ్ళకి ఒక పూట పని. లోపలి సైటుకి కూడా నిజమైన డొమైన్ పేరు వాడితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ డీఎన్ఎస్ పద్ధతిలో సర్టిఫికెట్ ఇస్తుంది, సర్వర్ బయటికి కనిపించనక్కర్లేదు.

లక్కపిడత
ఫుల్‌చెయిన్ పెట్టాను, కోడ్ 0 వచ్చింది!! తమ్ముడి ఫైర్‌ఫాక్స్‌లో ఓపెనైంది. ఒక్క ఫైలు పేరు, మూడు రోజులు. వీడియోలో అతను సర్ట్ అనే పెట్టాడు, అతని క్రోమ్‌లో కూడా వచ్చేసి ఉంటుంది, అందుకే అతనికీ తెలియలేదు. పేమెంట్ వాళ్ళ డాష్‌బోర్డులో ఫెయిలైన వెబ్‌హుక్‌లు కనిపిస్తున్నాయి, 'రీసెండ్' అని ఉంది, ఒక్కొక్కటీ నొక్కుతున్నాను.

పాతపెంటియం
డబ్బు పెట్టి కొన్న సర్టిఫికెట్ వాడేవాళ్ళకి ఒక మాట. జిప్‌లో సైటు ఫైలు వేరే, బండిల్ (ఇంటర్మీడియెట్లు ఉండే) ఫైలు వేరే వస్తాయి, మనమే రెండూ కలిపి ఒక ఫైలు చెయ్యాలి. సైటుది పైన, బండిల్ కింద. తిరగేసి పెడితే 'కీ వాల్యూస్ మిస్‌మ్యాచ్' అని ఎన్‌జిన్‌ఎక్స్ లేవదు. ఇంకోటి, మొదటి ఫైలు చివర ఎంటర్ కొట్టి లేకపోతే 'ఎండ్ సర్టిఫికెట్', 'బిగిన్ సర్టిఫికెట్' ఒకే లైన్లో గీతలు గీతలుగా అతుక్కుపోతాయి, 'బ్యాడ్ ఎండ్ లైన్' అంటుంది. రాత్రి రెండింటికి ఆ పది గీతల్ని కళ్ళు చికిలించి లెక్కపెట్టాను నేను, రెండు సర్టిఫికెట్ల మధ్య ఐదూ ఐదూ పది, మధ్యలో ఎంటర్ లేదు

డల్లాస్_పద్మ
ఇది చదివి మీ సైటు వెతికి తెరిచాను, మా పాపకి లక్కపిడతలు కావాలి. నేను ముందు డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ కొడతాను అలవాటుగా, 'కామన్ నేమ్ ఇన్వాలిడ్' వచ్చింది. అది తీసేసి కొడితే ఓపెనైంది. ఇది ఇంకో సమస్యా?

తీగలాగు
అవును ఇది వేరే. సర్టిఫికెట్‌లో ఏ పేర్లు రాసి ఉంటే వాటికే చెల్లుతుంది, డబ్ల్యూలతో ఉన్నది ఒక పేరు, లేనిది ఇంకో పేరు. @లక్కపిడత సర్ట్‌బాట్‌కి రెండు పేర్లూ ఇచ్చి మళ్ళీ తీసుకోండి. స్టార్ పెట్టిన వైల్డ్‌కార్డ్ తీసుకున్నా సరే, అసలు డొమైన్ పేరు విడిగా ఇవ్వాల్సిందే, స్టార్ ఒక్క మెట్టుకే పనిచేస్తుంది.

నెట్‌సెంటర్_బాబాయ్
ఫైర్‌ఫాక్స్ గోల మాకు పాతదే. ఒకప్పుడు కొన్ని గవర్నమెంటు సైట్లు ఎక్స్‌ప్లోరర్‌లో వచ్చి ఫైర్‌ఫాక్స్‌లో ఎర్రర్ వచ్చేవి, జనం ఫైర్‌ఫాక్స్ పనికిరాదు అనేవాళ్ళు. మన ఇండియా సీసీఏ (సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థల మీద ఉండే ప్రభుత్వ అధికారి) రూట్ మైక్రోసాఫ్ట్ లిస్టులో ఉండేది, మొజిల్లా లిస్టులో లేదు, అంతే తేడా. 2014 జూలైలో ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ల సంస్థ) వాళ్ళ సర్టిఫికెట్ అథారిటీ నుంచి గూగుల్ డొమైన్ల పేరు మీద అనుమతి లేని సర్టిఫికెట్లు బయటపడ్డాయి, గూగుల్ వాళ్ళే పట్టుకున్నారు, సీసీఏ ఆ ఎన్ఐసీ సర్టిఫికెట్లని రద్దు చేసింది. అప్పుడు మైక్రోసాఫ్ట్ లిస్టుని నమ్మే విండోస్ ప్రోగ్రాముల్లో చాలావాటికి ప్రమాదం ఉండేది, ఫైర్‌ఫాక్స్‌కి మాత్రం తన లిస్టు తనదే కాబట్టి దాని జోలికి రాలేదు. పనికిరాదన్న బ్రౌజరే ఆ రోజు గట్టిగా నిలబడింది

పాతపెంటియం
క్రోమ్ కూడా 2022 నుంచి సొంత రూట్ లిస్టుకి మారుతూ వచ్చింది, అంతకుముందు విండోస్ ఏం నమ్మితే అదే నమ్మేది. కాబట్టి మైక్రోసాఫ్ట్ లిస్టులో ఒక రూట్ ఉందంటే అన్ని బ్రౌజర్లూ దాన్ని నమ్ముతాయి అనుకోకండి, దేని లిస్టు దానిది

మీసేవ_రమణ
డీఎస్‌సీ టోకెన్ (డిజిటల్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటిది) వాడేవాళ్ళు వినండి, అది వేరు ఇది వేరు. టోకెన్‌లో ఉన్నది మన సంతకం సర్టిఫికెట్, సైటు సర్టిఫికెట్‌తో సంబంధం లేదు. కానీ సంతకం పెట్టించే సాఫ్ట్‌వేర్ మన కంప్యూటర్లోనే లోకల్‌హోస్ట్ మీద ఒక చిన్న సర్వర్ నడుపుతుంది, దానికి దాని సొంత సర్టిఫికెట్ ఉంటుంది. క్రోమ్‌లో పనిచేసి ఫైర్‌ఫాక్స్‌లో 'సైనర్ కనెక్ట్ కాలేదు' అంటే చాలాసార్లు అదే, ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో సర్టిఫికెట్స్ దగ్గర దాన్ని ఇంపోర్ట్ చెయ్యాల్సి రావచ్చు. టోకెన్ పాడైందని కొత్తది కొనుక్కున్న రైతు ఒకాయన మా దగ్గరికి వచ్చాడు, పాతది శుభ్రంగా పనిచేస్తోంది, డబ్బు ఊరికే పోయింది పాపం

సిద్దిపేట_చిన్నోడు
గిది తెల్వదు రమణన్నా, మా బాపుకి గూడ టోకెన్ రాకుంటే మార్చమన్నరు. ఆపుతా రేపే

లక్కపిడత
ఐదు ఆర్డర్లూ పడ్డాయి! డబ్ల్యూల పేరు కూడా కలిపాను. కానీ విశాఖ ఆవిడ ఫోన్లో ఇంకా ఎర్ర త్రికోణమే. కోడ్ ఏదని అడిగితే 'సర్ట్ అథారిటీ ఇన్వాలిడ్' అని పంపింది.

తీగలాగు
ఫోన్లో ఆండ్రాయిడ్ ఎన్నో వెర్షనో అడగండి.

లక్కపిడత
6 అంట. వాళ్ళ అమ్మగారి ఫోన్ అది.

తీగలాగు
అయితే ఇది మీ తప్పు కాదు, ఆ ఫోన్‌కి తాత తెలియదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ రూట్ పేరు ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1, దాని గడువు 2035 జూన్ దాకా ఉంది, కానీ ఆండ్రాయిడ్ 7.1.1 నుంచే అది ఫోన్ల లిస్టులో ఉంది. అంతకుముందు ఫోన్లు డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే పాత రూట్ పేరు చెప్తే నమ్మేవి. అది 2021 సెప్టెంబర్ 30న గడువు తీరిపోయింది, పాత ఆండ్రాయిడ్‌లు రూట్ గడువు పట్టించుకోవు కాబట్టి ఒక ప్రత్యేక సంతకంతో ఇంకో మూడేళ్ళు లాగారు, 2024 సెప్టెంబర్ 30తో అదీ అయిపోయింది. ఫోన్లో రూట్ లిస్టు సిస్టమ్‌తో పాటే వస్తుంది, ఆండ్రాయిడ్ 14 నుంచే విడిగా అప్‌డేట్ అవుతోంది. 2021లో అయితే ఫైర్‌ఫాక్స్ వేసుకోమనేవాళ్ళం, దానికి తన లిస్టు ఉంటుంది కదా. ఇప్పుడు కొత్త ఫైర్‌ఫాక్స్ అంత పాత ఫోన్లలోకి రాదు.
అలాంటి ఫోన్లు మీ కస్టమర్లలో చాలా ఉంటే పాత రూట్ ఉన్న కంపెనీ దగ్గర సర్టిఫికెట్ కొనడం ఒక దారి. ఒకరిద్దరే అయితే ఫోన్లో ఆర్డరు తీసుకోండి. దయచేసి ఆవిడకి మాత్రం ప్రొసీడ్ నొక్కమనకండి, అదే ఫోన్లో రేపు ఇంకెవరి పేజీకో నొక్కుతుంది.

షార్ట్‌కట్_శీను
ఈసారి నేనూ అదే అంటాను, ఫోన్లోనే తీసుకోండి. మా ఐటీ వాళ్ళకి ఆ రూట్ సంగతి మెయిల్ పెట్టాను ఇవాళ

కాజా_కాకినాడ
ఇంకొకటి కలపండి. ఒకే కంప్యూటర్లో అన్ని సైట్లకీ ఎర్రర్ వచ్చి టైమ్ కరెక్టుగా ఉంటే సర్టిఫికెట్ ఇచ్చింది ఎవరో చూడండి. క్రోమ్‌లో తాళం బొమ్మ 2023లో తీసేశారు, ఇప్పుడు అడ్రస్ పక్కన రెండు గీతలు రెండు సున్నాల్లా ఉంటుంది, దాని లోపల కనెక్షన్ అని ఉంటుంది. 'ఇష్యూడ్ బై' దగ్గర యాంటీవైరస్ పేరో కాలేజీ ఫైర్‌వాల్ పేరో ఉంటే మధ్యలో అది విప్పి చదువుతోందన్నమాట

పాతపెంటియం
@లక్కపిడత రెన్యూవల్ కూడా చిన్నోడు చెప్పినట్టు హుక్ పెట్టేసుకోండి ఇప్పుడే. గడువు దగ్గరపడిందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ పంపే మెయిళ్ళు 2025 జూన్‌లో ఆపేశారు, ఎవరూ గుర్తు చెయ్యరు. ఇక ఏడాదికొకసారి కొనుక్కుని చేత్తో పెట్టుకునేవాళ్ళ రోజులు కూడా అయిపోతున్నాయి, ఏ కంపెనీ సర్టిఫికెట్ అయినా గరిష్ఠంగా 398 రోజులు ఉన్నది 2026 మార్చి 15 నుంచి 200, ఆ మరుసటి ఏడు 100, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే అని బ్రౌజర్ల వాళ్ళూ సర్టిఫికెట్ల వాళ్ళూ కూర్చుని ఓటేసుకున్నారు

నెట్‌సెంటర్_బాబాయ్
47 రోజులా! మాగాయ ముక్కలు ఎండి ఊరేలోపు ఒక సర్టిఫికెట్ అయిపోతుంది

లక్కపిడత
హుక్ పెట్టాను చిన్నోడా, ఒకసారి డ్రై రన్ (ఉత్తుత్తి రెన్యూవల్) కూడా చేశాను, బానే వచ్చింది. విశాఖ ఆవిడ ఆర్డరు నాన్నే ఫోన్లో రాసుకున్నారు, ఎడ్లబండి ఒకటి, లక్కపిడతల సెట్టు ఒకటి. ఆగిపోయిన ఐదు పార్సిళ్ళూ అమ్మ ఇందాకే గడ్డి వేసి సర్దింది, రేపు పొద్దున పోస్టాఫీసులో ఇస్తాం. పద్మ గారూ, మీ ఆర్డరు ఆరోది, ఇది రీసెండ్ నొక్కకుండానే దానంతట అదే 'పెయిడ్' అని పడింది.

డల్లాస్_పద్మ
పసుపు రంగు సెట్టు ఉంటే అదే పెట్టండి, లేకపోతే ఎరుపైనా పర్లేదు